గడ్డల్లేవంటారు, రక్తం అందట్లేదంటారు: వైరస్ సోకిన ఊపిరితిత్తుల స్కాన్లు అసలేం చెబుతాయి?

కోవిడ్ తగ్గినా ఆయాసం తగ్గని మనిషి చేతిలో రెండు రిపోర్టులు ఉన్నాయనుకోండి. ఒకటి సీటీ యాంజియోగ్రామ్. అందులో ‘పల్మనరీ ఎంబాలిజం లేదు’ అని ఉంది, అంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డలు కనబడలేదని. రెండోది పెర్ఫ్యూజన్ స్కాన్. అందులో ‘రెండు వైపులా అక్కడక్కడా రక్తప్రసరణ లోపాలు’ అని రాశారు. ఒకటి నిజమైతే రెండోది తప్పయి ఉండాలి కదా అనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ టెన్షన్ పడేది ఇక్కడే. కానీ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఆ రెండు స్కాన్లనూ అడిగిన ప్రశ్నలు వేరు.

ఊపిరితిత్తుల్లో రక్తప్రసరణను చూపించే స్కాన్ అనగానే అదేదో ఒకే పరీక్ష అనుకుంటాం. పెద్ద నాళాల్లో అడ్డంకి ఉందా అన్నది ఒక ప్రశ్న. గాలి గదుల దాకా రక్తం చేరుతోందా అన్నది మరొకటి. చేరిన రక్తం ఆక్సిజన్ అందుకుంటోందా అన్నది మూడోది. ఈ మూడింటికీ ఒకేసారి జవాబిచ్చే యంత్రం మామూలు ఆసుపత్రుల్లో లేదు.

ముప్పావు సెకనులో జరిగే పని

మిగతా అవయవాలకు గుండె పంపే రక్తంలో తలా కొంత వాటా వెళ్తుంది. ఊపిరితిత్తుల సంగతి అలా కాదు. గుండె కుడి భాగం నెట్టే రక్తమంతా, అంటే విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 5 లీటర్లు, వాటి గుండానే పోవాలి. పుపుస ధమని రెండుగా చీలి, ఆ చీలికలు మళ్లీ మళ్లీ చీలి, చివరికి కేశనాళికల వలగా మారతాయి. ఆ వల దాదాపు 48 కోట్ల గాలి గదుల చుట్టూ అల్లుకుని ఉంటుంది. కేశనాళిక ఎంత సన్నమంటే ఎర్ర రక్తకణం ఒళ్లు వంచుకుని, ఒదిగి ఒదిగి వెళ్లాలి. గాలి గది పక్కన ఆ కణం ఉండేది సుమారు ముప్పావు సెకను. ఆక్సిజన్ నింపుకోవడానికి అందులో పావు సెకను చాలు. మిగతా అర సెకను రిజర్వు. పరుగెత్తినప్పుడు రక్తం వేగం పెరిగినా ఆరోగ్యవంతుల్లో ఆక్సిజన్ పడిపోకుండా కాపాడేది ఈ రిజర్వే.

ఈ ఏర్పాటు సరిగ్గా పనిచేయాలంటే గాలి ఉన్న చోటికే రక్తం వెళ్లాలి. ఆ సర్దుబాటు ఎలా జరుగుతుందో 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఉల్ఫ్ వాన్ ఆయిలర్, యోరాన్ లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. కాలి కండరంలోనో మరో చోటో ఆక్సిజన్ తగ్గితే అక్కడి రక్తనాళాలు విచ్చుకుంటాయి, ఇంకాస్త రక్తం తెచ్చుకోవడానికి. ఊపిరితిత్తుల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏ మూలలో ఆక్సిజన్ తగ్గితే ఆ మూల నాళాలు బిగుసుకుంటాయి. గాలి రాని చోటికి రక్తం పంపి దండగ అన్నట్టు, దాన్ని గాలి ఉన్న వైపు మళ్లిస్తాయి. (ఆయిలర్‌కు తర్వాత 1970లో నోబెల్ వచ్చింది గానీ అది నాడీ రసాయనాల మీద చేసిన పనికి.)

ఈ బిగుసుకునే గుణాన్ని గుర్తుపెట్టుకోండి. వైరల్ న్యూమోనియా స్కాన్లలో వచ్చే గందరగోళంలో సగం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక చిన్న లెక్క: అదే వైరస్, మూడు రకాల నష్టం

సిరల నుంచి ఊపిరితిత్తులకు వచ్చే రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 70 శాతం ఉందనుకుందాం. మంచి గాలి గదుల పక్కనుంచి పోయిన రక్తం 98 శాతంతో బయటికొస్తుంది. నీరు, చీము నిండిన గదుల పక్కనుంచి పోయిన రక్తం ఏమీ అందుకోకుండా అదే 70తో బయటికొస్తుంది. రెండూ కలిసిపోయాక వేలికి పెట్టిన ఆక్సిమీటర్ చూపేది ఆ మిశ్రమాన్ని.

మొదటి సందర్భంలో నాళాలు బిగుసుకునే గుణం బాగానే ఉంది. చెడిన భాగానికి రక్తంలో 10 శాతమే వెళ్తోంది. 0.1×70 + 0.9×98 అంటే 95.2 శాతం. కంగారు పడాల్సిన అంకె కాదు.

రెండో సందర్భంలో వాపు వల్ల ఆ గుణం దెబ్బతింది. చెడిన భాగానికి 30 శాతం రక్తం పోతోంది. 0.3×70 + 0.7×98 అంటే 89.6 శాతం. రెండు సందర్భాల్లోనూ మామూలు సీటీలో కనబడే తెల్లటి మచ్చలు ఒకే సైజులో ఉండొచ్చు. మచ్చలు కొంచెమే ఉన్నా శాచురేషన్ ఎందుకింత పడిపోయిందని 2020లో చాలామంది డాక్టర్లకు వచ్చిన సందేహానికి ఒక జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఇలా గాలి తగలకుండా దాటిపోయే రక్తాన్ని షంట్ అంటారు. షంట్ ఎక్కువగా ఉన్నవారికి మాస్కుతో ఎంత ఆక్సిజన్ ఇచ్చినా శాచురేషన్ మొండికేస్తుంది. ఆ ఆక్సిజన్ వెళ్లేది తెరుచుకున్న గదుల్లోకే. అక్కడి రక్తం ఎలాగూ నిండే ఉంది.

మూడో సందర్భం తలకిందులు. గాలి చక్కగా వస్తోంది, రక్తమే రావట్లేదు. ఒక శ్వాసలో లోపలికి పోయే 500 మిల్లీలీటర్ల గాలిలో 150 శ్వాసనాళాల్లోనే మిగిలిపోతుంది. గాలి గదులకు చేరేది 350. నిమిషానికి 12 శ్వాసలైతే 4.2 లీటర్లు. ఇప్పుడు 40 శాతం గదులకు రక్తం ఆగిపోయిందనుకోండి. ఉపయోగపడే గాలి శ్వాసకు 210 మిల్లీలీటర్లకు పడిపోతుంది. పాత 4.2 లీటర్లు రావాలంటే నిమిషానికి 20 శ్వాసలు తీయాలి. దీన్ని డెడ్ స్పేస్ అంటారు. ఇక్కడ ఆక్సిమీటర్ అంకె మరీ పడిపోకపోవచ్చు, కానీ మనిషి రొప్పుతుంటాడు.

కోవిడ్ తొలి రోజుల్లో శాచురేషన్ 80ల్లో ఉన్నా ఫోన్‌లో హాయిగా మాట్లాడుతున్న రోగుల గురించి చాలా విన్నాం. ఊపిరి తీసుకోవాలన్న తహతహను పెంచేది ఎక్కువగా రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. షంట్ ఉన్నప్పుడు మిగతా మంచి గదులు దాన్ని ఊదేయగలవు. అందుకే ఆక్సిజన్ తగ్గినా ఆయాసం తెలియదు. డెడ్ స్పేస్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపడమే కష్టం, అందుకే రొప్పు. నిజమైన రోగుల్లో ఈ మూడూ వేర్వేరు పాళ్లలో కలిసి ఉంటాయి. ఏది ఎంత ఉందో ఆక్సిమీటర్ చెప్పలేదు, మామూలు సీటీ కూడా చెప్పలేదు. రక్తాన్ని చూపించే స్కాన్ల అవసరం అక్కడ మొదలవుతుంది.

వైరస్ నాళాల జోలికి ఎలా వెళ్తుంది

ఇన్‌ఫ్లుయెంజా అయినా కోవిడ్ తెచ్చే సార్స్-కోవ్-2 అయినా మొదట పట్టుకునేది గాలి తగిలే వైపు కణాలను. గాలి గదికీ కేశనాళికకూ మధ్య గోడ అతి పల్చన కాబట్టి ఇటువైపు మంట (వాపు, ఇన్‌ఫ్లమేషన్) అటు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. నాళం లోపలి పొర దెబ్బతింటే రక్తం గడ్డకట్టే యంత్రాంగం మేల్కొంటుంది. దీనికి తోడు తెల్లకణాలు సూక్ష్మజీవులను పట్టుకోవడానికి తమ డీఎన్‌ఏ పోగులనే వలలా విసురుతాయి. ఆ వలల మీదే చిన్న చిన్న గడ్డలు పేరుకుంటాయి.

2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పోలికను ఇప్పటికీ తరచూ చెప్పుకుంటారు. కోవిడ్‌తో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులను, హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులతో పక్కపక్కన పెట్టి చూశారు. కేశనాళికల్లోని సూక్ష్మ గడ్డలు కోవిడ్‌వాటిలో 9 రెట్లు ఎక్కువ. ఉన్న నాళం మధ్యలో గోడ లేచి రెండుగా చీలే తరహా కొత్త నాళాలు 2.7 రెట్లు. అయితే ఇవి మరీ తీవ్రమై ప్రాణం పోయినవారి ఊపిరితిత్తులు, అవీ పద్నాలుగే. ఇంట్లోనే ఉండి కోలుకున్నవారిలోనూ ఇలాగే జరిగిందని దీన్నిబట్టి చెప్పలేం. ఇన్‌ఫ్లుయెంజాలో గడ్డలు ఉండవనీ కాదు, తక్కువ అంతే.

వైరస్ నాళాల లోపలి పొరలోకి నేరుగా చొరబడుతుందా అన్నదాని మీద వాదన నడిచింది. 2020 ఏప్రిల్‌లో లాన్సెట్‌లో కొందరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఆ పొరలో వైరస్‌లాంటి రేణువులు కనబడ్డాయని రాశారు. అవి వైరస్ కాకపోవచ్చు, కణాల్లో మామూలుగా ఉండే బుడగలే అయ్యుండొచ్చని మరికొందరు అభ్యంతరం చెప్పారు. నాళాలు దెబ్బతింటాయన్నదాంట్లో ఇరుపక్షాలకూ పేచీ లేదు. నేరుగానా, మంట ద్వారానా అన్నదే పేచీ.

సీటీ యాంజియోగ్రామ్: పెద్ద నాళాల పటం

చేతి సిరలోకి అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును సెకనుకు నాలుగైదు మిల్లీలీటర్ల వేగంతో ఎక్కిస్తారు. అది పుపుస ధమనికి చేరే క్షణానికి సరిగ్గా స్కాన్ నడుస్తుంది, కొద్ది సెకన్లలో అయిపోతుంది. మందు నిండిన నాళం తెల్లగా మెరుస్తుంది. గడ్డ ఉంటే ఆ తెలుపు మధ్యలో నల్లటి లోటు కనబడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాల దాకా దీన్ని నమ్మొచ్చు. కేశనాళిక వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. పంట కాలువ నిండుగా పారుతోందని గట్టు మీద నిలబడి చెప్పొచ్చు, పిల్లకాలువలు పూడిపోయి చేను తడవడం లేదన్న సంగతి మాత్రం అక్కణ్నుంచి కనబడదు. ‘ఎంబాలిజం లేదు’ అన్న రిపోర్టు పరిధి అంతే.

అలాగని దీన్ని తక్కువ చేయాల్సిన పనిలేదు. ప్రాణం మీదికి తెచ్చే పెద్ద గడ్డను నిమిషాల్లో పట్టేది ఇదే. నెదర్లాండ్స్‌లో ఐసీయూలో ఉన్న 184 మంది కోవిడ్ రోగుల మీద 2020లో వచ్చిన నివేదికలో 31 శాతం మందికి గడ్డలకు సంబంధించిన సమస్యలు వచ్చాయి. వాటిలో ఎక్కువ ఊపిరితిత్తుల్లోవే.

ఇక్కడ ఇంకో చిక్కు. ఎంబాలిజం అంటే మామూలుగా కాలి సిరలో పుట్టిన గడ్డ తెగి ఊపిరితిత్తులకు కొట్టుకురావడం. కోవిడ్ రోగుల్లో చాలామందికి కాళ్లలో గడ్డ దొరకలేదు. ఇవి ఊపిరితిత్తుల్లోనే పుట్టినవని అందుకే కొందరంటారు. కాలి గడ్డ మొత్తం తెగి పైకి వచ్చేసి ఉండొచ్చు, లేదా ఆ హడావుడిలో కాళ్లకు అల్ట్రాసౌండ్ చేసి ఉండకపోవచ్చు అంటారు ఇంకొందరు. స్కాన్ బొమ్మలో మాత్రం రెండు రకాలూ ఒకేలా కనబడతాయి.

డ్యూయల్ ఎనర్జీ సీటీ: అయోడిన్ రంగుల పటం

ఒకే శరీరాన్ని రెండు వేర్వేరు శక్తుల ఎక్స్-రేలతో ఒకేసారి చూస్తే అయోడిన్ తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. తక్కువ శక్తి కిరణాలను అది విపరీతంగా పీల్చుకుంటుంది, ఎక్కువ శక్తివాటిని అంతగా కాదు. కణజాలంలో ఈ తేడా అంత ఉండదు. ఆ తేడాను లెక్కగట్టి, ఏ మూల ఎంత అయోడిన్ ఉందో కంప్యూటర్ రంగుల్లో చూపిస్తుంది. కాంట్రాస్ట్ ఒక్కసారి ఎక్కిస్తే నాళాల బొమ్మ, కణజాలానికి చేరిన రక్తం బొమ్మ రెండూ వస్తాయన్నమాట. 2020లో అమెరికా డాక్టర్లు కోవిడ్ న్యూమోనియా రోగులకు ఈ స్కాన్ చేసి రాసినదాంట్లో ఆసక్తికరమైన సంగతులున్నాయి. పెద్ద గడ్డలు లేకపోయినా రంగు చెదిరిపోయి ఉంది. కొన్ని మచ్చల్లో రక్తం తగ్గింది, కొన్నిట్లో ఉండాల్సినదాని కన్నా ఎక్కువుంది. ఆ మచ్చలకు వెళ్లే నాళాలు కొన్ని ఉబ్బి ఉన్నాయి. రక్తం ఎక్కువున్న మచ్చలు మన లెక్కలో రెండో సందర్భానికి, అంటే షంట్‌కు సరిపోతాయి.

ఈ రంగులు చూసి మురిసిపోయే ముందు రెండు సంగతులు చూడాలి. ఇది ప్రవాహం కాదు, ఒక్క క్షణపు ఫొటో. ఆ క్షణాన అక్కడ ఎంత అయోడిన్ ఉందో చెబుతుంది గానీ ఎంత వేగంగా పారుతోందో చెప్పదు. ఆగిపోయిన రక్తం కూడా రంగుగానే పడుతుంది. పైగా గాలి తగ్గి ముడుచుకుపోయిన భాగంలో కణజాలం, నాళాలు దగ్గరదగ్గరగా చేరతాయి. దాంతో ఒక్కో మిల్లీలీటరుకు అయోడిన్ ఎక్కువగా తేలుతుంది, రక్తం నిజంగా పెరగకపోయినా సరే. గుండె కదలిక, పెద్ద సిరలో చిక్కగా ఉన్న కాంట్రాస్ట్ గీతలు కూడా లేని లోపాలను పుట్టిస్తాయి.

పెర్ఫ్యూజన్ స్కాన్: లక్షల రేణువులు వదిలి చూడడం

ఈ పద్ధతి పాతది, కానీ ప్రవాహం అన్న మాటకు ఇదే ఎక్కువ దగ్గర. అమెరికాలో హెన్రీ వాగ్నర్ బృందం 1964లో దీంతో మనుషుల్లో పెద్ద ఎంబాలిజాన్ని గుర్తించి చూపించింది. ఆల్బుమిన్ ప్రొటీన్‌ను వేడిచేసి గుచ్ఛాలుగా చేసి, దానికి టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం అతికిస్తారు. దాని సగం ఆయుష్షు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, 6 గంటలు. రేణువుల సైజు ఎక్కువగా 10 నుంచి 90 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కేశనాళికలో పట్టవు కాబట్టి, వచ్చినవి వచ్చినచోటే, దాని ముఖద్వారంలో ఇరుక్కుపోతాయి. ఏ భాగానికి ఎంత రక్తం పోతోందో అన్ని రేణువులు అక్కడ ఆగుతాయి. గామా కెమెరా వాటిని లెక్కపెడుతుంది.

నాళాలను అడ్డగించే మందు ఎక్కిస్తున్నారంటే గుండె గుభేల్మంటుంది. ఎక్కించేది కొన్ని లక్షల రేణువులు. అవి మూసేది వెయ్యి నాళాల్లో ఒకటి కన్నా తక్కువ. కొన్ని గంటల్లో అవే విరిగి కొట్టుకుపోతాయి. గర్భిణులకు, ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి సంఖ్య ఇంకా తగ్గిస్తారు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు రోగిని పడుకోబెడతారు. కూర్చుంటే భూమ్యాకర్షణ వల్ల రక్తం కిందిభాగాలకు ఎక్కువ పోయి పైభాగం ఖాళీగా కనబడుతుంది. సిరంజిలోకి రక్తాన్ని వెనక్కి లాగకూడదన్నది ఇక్కడ పాటించే ఒక జాగ్రత్త. లాగితే రేణువులు రక్తంతో కలిసి ముద్దకట్టి, బొమ్మలో మండుతున్న చుక్కల్లా పడతాయి. స్కాన్ చదివేవాళ్లకు ఆ చుక్కలు ఒక తలనొప్పి.

రేడియేషన్ పెర్ఫ్యూజన్ స్కాన్‌కు సుమారు 1 నుంచి 2 మిల్లీసీవర్ట్‌లు. సీటీ యాంజియోగ్రామ్‌కు ఇంతకన్నా ఎక్కువ పడుతుంది. ప్రకృతి నుంచి మనకు ఏటా సగటున అందేది 2.4.

దీనికి జోడీగా చేసేది వెంటిలేషన్ స్కాన్. రేడియోధార్మిక వాయువునో సన్నటి తుంపరనో పీల్పించి గాలి ఎక్కడికి చేరుతోందో చూస్తారు. గాలి ఉండి రక్తం లేకపోతే నాళంలో అడ్డంకి మీద అనుమానం. గాలీ రక్తమూ రెండూ లేకపోతే నాళాలు బిగుసుకోవడం వల్ల కావచ్చు. అయితే మహమ్మారి కాలంలో ఈ రెండో సగానికే ఎసరొచ్చింది. తుంపర పీల్చేటప్పుడు రోగి దగ్గితే గదంతా వైరస్ పరుచుకుంటుందన్న భయంతో చాలాచోట్ల వెంటిలేషన్ భాగం ఆపేసి, పెర్ఫ్యూజన్ ఒక్కటే చేశారు. దాని స్థానంలో అదే మంచం మీద తక్కువ డోసు సీటీ తీసి జతచేసేవారు. అది కొంతవరకు సాయపడింది. గాలి ఎక్కడ అందట్లేదో సీటీ సూచనగా చెబుతుంది గానీ నేరుగా చూపించదు. అలా చేసిన స్కాన్లలో ‘లోపం’ అన్న మాటను ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి.

లోపం అంటే గడ్డేనా?

అసలు ముడి ఇక్కడుంది. పెర్ఫ్యూజన్ డిఫెక్ట్ అన్న మాటను చాలామంది గడ్డ అని చదివేస్తారు. ఆ మాటకు అర్థం ‘ఇక్కడికి రక్తం తక్కువ వస్తోంది’ అని మాత్రమే. ఎందుకు అన్నది బొమ్మలో రాసి ఉండదు, పక్కనున్న సాక్ష్యాలతో కలిపి ఊహించాలి.

ముగ్గురు ఊహాజనిత రోగులను తీసుకుందాం. మొదటి వ్యక్తికి కుడి కింది భాగంలో న్యూమోనియా మచ్చ ఉంది, సరిగ్గా అక్కడే రక్తం తగ్గింది. ఇది ఊపిరితిత్తి తన పని తాను చేసుకుంటున్న గుర్తు కావచ్చు, మన లెక్కలో మొదటి సందర్భం. రెండో వ్యక్తికి కూడా అదే చోట మచ్చ, కానీ అక్కడ రక్తం మామూలుగానో ఎక్కువగానో ఉంది. రిపోర్టులో ‘లోపం లేదు’ అనే రాస్తారు, చూసినవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆక్సిజన్ పరంగా మాత్రం ఇతని పరిస్థితే మొదటి వ్యక్తి కన్నా అధ్వానం. మూడో వ్యక్తికి ఎడమవైపు పైభాగం సీటీలో శుభ్రంగా ఉంది, గాలి బాగానే చేరుతోంది, అయినా ఛాతీ గోడ వైపు పునాదితో త్రికోణంలాగా రక్తం లేని చోటు ఉంది. నాళంలో అడ్డంకిని గట్టిగా అనుమానించాల్సింది ఇక్కడ. ఆ వ్యక్తికి పాత ఎంఫిసిమా (గాలి గదుల గోడలు పాడైపోయే జబ్బు) ఉందని తెలిస్తే మళ్లీ ఆలోచించాలి. దానివల్ల కూడా రక్తం తగ్గుతుంది.

వైద్యుల మధ్య భేదాభిప్రాయాలు కూడా ఈ గీత వెంబడే వచ్చాయి. ఇటలీకి చెందిన లూచానో గత్తినోని 2020లో, కోవిడ్ తొలిదశలో ఊపిరితిత్తులు మెత్తగానే ఉంటున్నాయి, ఆక్సిజన్ మాత్రం ఘోరంగా పడిపోతోంది, రక్తప్రవాహాన్ని సర్దే గుణం పోవడమే దీనికి కారణమని వాదించారు. మామూలు తీవ్ర శ్వాస వైఫల్యంలో కూడా ఇలాంటి వైవిధ్యం ఎప్పటినుంచో ఉన్నదే, కొత్త రకమంటూ పేరు పెట్టి వెంటిలేటర్ పద్ధతులు మార్చక్కర్లేదని ఇతరులు తిప్పికొట్టారు. మరో వర్గం సూక్ష్మ గడ్డలకే పెద్దపీట వేసింది. నాకైతే ఈ మూడు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసేవిగా కనబడవు. ఒకే ఊపిరితిత్తిలో ఒక మూల సర్దుబాటు, ఒక మూల షంట్, ఒక మూల గడ్డ ఉండడానికి అడ్డేమీ లేదు. సగటు అంకెలతో వాదించుకుంటే ఇవి కలగాపులగమైపోతాయి.

గడ్డలే ప్రధానమైతే రక్తం పల్చబరిచే మందు పెద్ద డోసులో ఇస్తే అందరూ బాగుపడాలి. మూడు అంతర్జాతీయ ట్రయల్స్ చేయీచేయీ కలిపి దీన్ని పరీక్షించాయి, ఫలితాలు 2021 ఆగస్టులో వచ్చాయి. ఆసుపత్రిలో ఉన్నా ఐసీయూ స్థాయి సాయం అవసరం పడని సుమారు 2,200 మందిలో పూర్తి డోసు హెపారిన్ మేలు చేసింది. అప్పటికే పరిస్థితి విషమించిన దాదాపు 1,100 మందిలో మేలు చేయలేదు. ముదిరాక గడ్డను కరిగించి లాభం లేదని కొందరు దీన్ని చదివారు. ఆ దశలో నష్టం గడ్డల వల్ల కన్నా మంట వల్ల ఎక్కువని ఇంకొందరు. ట్రయల్‌లో ఎవరికి ఏ స్కాన్ ఎలా ఉందో చూసి మందు ఇవ్వలేదు కాబట్టి ఈ రెండు భాష్యాల మధ్య తీర్పు దాన్నుంచి రాదు.

మంచం దగ్గర నుంచి కదల్చలేనివారికి

వెంటిలేటర్ మీదున్న మనిషిని సీటీ గదికి తీసుకెళ్లడమంటే సిలిండర్లు, పంపులు, నలుగురు సిబ్బంది, తర్వాత గది మొత్తం శుభ్రం చేసుకోవడం. దీనికి ప్రత్యామ్నాయంగా కొన్ని ఐసీయూల్లో ఛాతీ చుట్టూ ఎలక్ట్రోడ్ల బెల్టు కట్టి చూస్తారు. దీన్ని ఎలక్ట్రికల్ ఇంపెడెన్స్ టోమోగ్రఫీ అంటారు. మనిషికి తెలియనంత చిన్న కరెంటు పంపి ఏ వైపు ఎంత నిరోధం ఉందో కొలుస్తుంది. గాలి నిండితే నిరోధం పెరుగుతుంది. రక్తం కోసం శ్వాసను కొద్ది సెకన్లు ఆపి, పెద్ద సిరలోకి చిక్కటి ఉప్పునీళ్లు కాస్త ఎక్కిస్తారు. ఉప్పునీరు కరెంటును బాగా పోనిస్తుంది కాబట్టి అది వెళ్లిన చోటల్లా నిరోధం పడిపోతుంది. గాలి, రక్తం రెండూ ఒకే బెల్టుతో, రేడియేషన్ లేకుండా, రోజుకు ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. బొమ్మ మాత్రం మొద్దుగా ఉంటుంది, అదీ బెల్టు కట్టిన పట్టీ మేరకే.

రోగిని బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ ఎందుకు పెరుగుతుందో కూడా ఇలాంటి కొలతలతో తేటపడింది. బోర్లా తిప్పగానే రక్తమంతా ఛాతీ వైపు జారిపోదు, ఎక్కువ భాగం వీపు వైపే పారుతుంటుంది. మారేది గాలి. అణిగిపోయిన వీపు వైపు గదులు తెరుచుకుని, అక్కడ ఎదురుచూస్తున్న రక్తానికి గాలి అందుతుంది.

అందరికంటే సన్నగా చూసింది మాత్రం బతికున్నవారి స్కాన్ కాదు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న యూరోపియన్ సింక్రోట్రాన్‌లో (అతి తీవ్రమైన ఎక్స్-రేలు పుట్టించే భారీ యంత్రం), లండన్ పరిశోధకులతో కలిసి దానం చేసిన అవయవాలను సాధారణ ఆసుపత్రి యంత్రాల కన్నా ఎన్నో రెట్లు తీవ్రమైన ఎక్స్-రేలతో చూశారు. ఊపిరితిత్తి మొత్తాన్ని ఒకే బొమ్మలో పట్టి, అందులోనే కావాల్సిన చోట కొద్ది మైక్రాన్ల దాకా దగ్గరికి వెళ్లగలిగారు. ఆ రేడియేషన్ డోసు బతికున్న మనిషికి ఇవ్వగలిగింది కాదు.

కోలుకున్నాక మిగిలే ఆయాసం

గడ్డ వచ్చి మందు వాడినవారిలో ఎక్కువమందికి అది కరిగిపోతుంది. కొద్దిమందిలో కరగకుండా మచ్చలా గట్టిపడి నాళం గోడకు అంటుకుపోతుంది. ఆ ఒత్తిడి గుండె కుడి భాగం మీద పడుతుంది. మూడు నెలలు మందు వాడినా ఆయాసం పోకపోతే దీన్ని వెతికేది వెంటిలేషన్-పెర్ఫ్యూజన్ స్కాన్‌తోనే. ఈ విషయంలో సీటీ యాంజియోగ్రామ్ కన్నా దానికే పేరు. నాళం గోడకు అతుక్కున్న పాత మచ్చ సీటీ చూసేవారి కంటి నుంచి జారిపోవచ్చు, రక్తం అందని ముక్క మాత్రం పెర్ఫ్యూజన్ బొమ్మలో దాగదు. స్కాన్ మామూలుగా ఉంటే ఈ జబ్బు లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఉందని తేలితే ఆపరేషన్‌తో ఆ గట్టిపడిన మచ్చను తీసేయడం, బెలూన్‌తో నాళాన్ని వెడల్పు చేయడం, మందులు వంటి దారులున్నాయి.

సీటీ బాగుండి, పెర్ఫ్యూజన్ కూడా బాగుండి ఆయాసం మాత్రం మిగిలినవారి కోసం పరిశోధకులు మూడో ప్రశ్న వైపు వెళ్లారు. గోడ దాటి ఎర్ర కణంలోకి వాయువు చేరుతోందా అని. లేజర్‌తో సిద్ధం చేసిన జెనాన్-129 వాయువును ఒక లీటరు వరకు పీల్పించి, ఊపిరి బిగబట్టమని ఎంఆర్‌ఐ తీస్తారు. జెనాన్ గాలిలో ఉన్నప్పుడు, గోడలో కరిగినప్పుడు, ఎర్ర కణంలో ఉన్నప్పుడు మూడు వేర్వేరు పౌనఃపున్యాల్లో పలుకుతుంది. ఎర్ర కణాల సంకేతాన్ని గోడ సంకేతంతో భాగిస్తే వాయువు ఎంత సాఫీగా దాటుతోందో ఒక అంకె వస్తుంది. ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ పరిశోధకులు 2021లో, ఆసుపత్రిలో ఉండి వచ్చిన తొమ్మిది మంది కోవిడ్ రోగుల్లో ఆ అంకె తక్కువగా ఉందని, వారి సీటీలు దాదాపు మామూలుగానే ఉన్నాయని రాశారు. ఆసుపత్రి మెట్లెక్కకుండానే కోలుకుని ఆయాసపడుతున్నవారిలోనూ ఇలాంటిదే కనబడిందని తర్వాత వచ్చింది.

ఈ అంకెకు కూడా ఒకటికి మించిన అర్థాలున్నాయి. గోడ మందమైనా తగ్గుతుంది, కేశనాళికల్లో రక్తం తగ్గినా తగ్గుతుంది, రక్తహీనత ఉన్నా తగ్గుతుంది. పైగా జబ్బు చేయకముందు ఆ మనిషి అంకె ఎంతో ఎవరి దగ్గరా ఉండదు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు జెనాన్ పీల్చి ఎంఆర్‌ఐ తీయించుకునేవాళ్లు ఎవరుంటారు? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో జెనాన్-129కు ఇచ్చిన అనుమతి కూడా ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కడెక్కడికి చేరుతోందో చూడటానికే. ఎర్ర కణాల దాకా వెళ్లే ఆ కొలత ఇంకా పరిశోధనలోనే ఉంది.